నానబెట్టిన బరికెలు

నెస్టాను బడి మాన్పించి ఇంట్లో ఉంచుకున్నది దాని కోసమా, నా కోసమా అన్న అనుమానం నాలుగేళ్ళుగా నాతోనే ఉంది. ప్రార్థనలో కూడా అడిగాను. అడిగిన ప్రతిసారీ జవాబు వచ్చేలోపే ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేదాన్ని. పొయ్యి మీద పాలో, తొట్టిలో బరికెలో, చిన్నది మాబ్లి చేతిలో కత్తెరో. దేవుడు జవాబు చెప్పే ఉంటాడు. నేనే నిలకడగా వినలేదేమో.

బడికి వెళ్ళిన ఆ ఒక్క చలికాలం నెస్టా రోజూ ఏడ్చేది. అప్పుడు దానికి ఐదేళ్ళు. మా ఆయన ఎమ్రిస్ బడి బస్సు నడుపుతాడు కాబట్టి, తండ్రి బస్సులోనే ముందు సీట్లో కూర్చుని తొమ్మిది మైళ్ళూ ఏడుస్తూ వెళ్ళేది. బడిలో ఎవరూ దాన్ని ఒక్క మాట అనలేదు. టీచరు మంచిది. అయినా ఏడ్చేది. అది నిజం. బస్సు మలుపు తిరిగాక కొట్టంలో కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని. అదీ నిజమే. ఎవరైనా అడిగితే నేను చెప్పింది మాత్రం మొదటి నిజం ఒక్కటే.

నేను బుట్టలు అల్లి అమ్ముతాను. ఇంటి వెనక వాగు పక్కన తడి నేలలో మాకు సన్నటి పొడుగు కొమ్మలేసే విల్లో చెట్ల మడి ఉంది. ఆకు రాలాక ఆ ఏడాది కొమ్మల్ని మొదలంటా కోసి, కట్టలు కట్టి ఆరబెడతాను. అల్లబోయే ముందు మళ్ళీ నానబెట్టాలి. ఆరడుగుల బరికెలు వారం రోజులు మునిగి ఉండాలి, మా పాత స్నానాల తొట్టిలో, పైన రాళ్ళు పెట్టి. తీశాక ఒక రాత్రి తడి దుప్పటి కింద మగ్గాలి. ఇక ఆ తర్వాత అవి మన కోసం ఆగవు. చల్లగా ఉంటే వారం, ఎండ కాస్తే నాలుగైదు రోజులు. ఆపైన బెరడు జారిపోతుంది, వేళ్ళకు జిగురంటుతుంది, కంపు కొడుతుంది. అందుకని బరికెలు బయటికి తీసిన వారం మా ఇంట్లో అందరం వాటి చుట్టూ తిరగాల్సిందే. భోజనాలూ, బట్టలు ఉతకడమూ, పాఠాలూ అన్నీ.

పాఠాలు పొద్దున వాగు దగ్గర మొదలయ్యేవి. కప్ప గుడ్లు ఏ రోజు తేలాయో, ఏ పిట్ట ఏ పొదలోకి నాచు మోస్తోందో, ఏ చెట్టు ముందు చిగురేసిందో నెస్టా కనిపెట్టి చెప్పేది. తన నోటుపుస్తకంలో బొమ్మ వేసేది. బొమ్మ కింద మాటలు అది చెబుతుంటే నేను రాసేదాన్ని. లెక్కలు బుట్టల్లోనే ఉండేవి, అడుగుకి ఎన్ని బరికెలు, నిలువుకి ఎన్ని. మధ్యాహ్నం కొట్టంలో నేను అల్లుతూ ఉంటే, నెస్టా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నాకు పుస్తకం చదివి వినిపించేది. రోజంతటిలో నాకు ఇష్టమైన గంట అది. పని జరుగుతోంది, పిల్ల చదువుతోంది, మూడేళ్ళ మాబ్లి తుంచిన పుల్లలతో ఆడుకుంటోంది. రాయడం ఇంకా రాలేదు గానీ, కొందరికి చెయ్యి ఆలస్యంగా తిరుగుతుందిలే అనుకున్నాను. చదవడం వచ్చింది కదా.

మా చాపెల్‌లో ఆదివారం ప్రసంగానికి ముందు పిల్లలంతా పెద్దల సీటు ముందు వరసగా నిలబడి తలా ఒక బైబిలు వచనం చెప్పాలి. మిగతా పిల్లలు రెండు మూడు మాటల వచనం గబగబా అనేసి అమ్మల దగ్గరికి పరిగెత్తుతారు. నెస్టా ఆరేళ్ళకే ఒక కీర్తన మొత్తం తడబడకుండా చెప్పింది. పాస్టరు గారు దాని తల మీద చెయ్యి వేశారు. “బడికి పోకుండానే!” అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. ఆ మాట నేను మూడేళ్ళు దాచుకున్నాను. గర్వం తప్పని తెలుసు. తెలిసీ అప్పుడప్పుడూ తీసి చూసుకునేదాన్ని.

ఈ మార్చిలో రెండు సంగతులు ఒకే వారంలో వచ్చి పడ్డాయి. సముద్రం ఒడ్డున కొత్తగా తెరిచిన ఒక దుకాణం వాళ్ళు పొయ్యి కట్టెలు పెట్టుకునే పెద్ద బుట్టలు పన్నెండు కావాలన్నారు. పది రోజుల్లో, సోమవారానికల్లా ఇవ్వాలి. అంత పెద్ద బేరం నాకు ఎప్పుడూ రాలేదు. రెండోది కౌన్సిల్ ఉత్తరం. ఇంట్లో చదువుకునే పిల్లల్ని చూసే ఆఫీసరు పారి గారు గురువారం వస్తారట. పిల్ల చదువు సరిగా సాగుతోందని ఆయనకు నమ్మకం కుదరకపోతే, బడికి పంపమని ఆర్డరు వస్తుంది.

“వస్తే రానీ,” అన్నాను ఎమ్రిస్‌తో. “నెస్టా పుస్తకం చేతికిస్తే గడగడా చదువుతుంది.”

అప్పటికే నానుతున్న బరికెల్ని శనివారం తొట్టిలోంచి తీశాను. ఆదివారం పని ముట్టను. సోమవారం రెండు బుట్టలు అయ్యాయి. మంగళవారం మధ్యాహ్నం నాలుగోదాని నడుం దాకా వచ్చాను. నెస్టా నీటికుక్క కథ చదువుతోంది. ఎమ్రిస్ ఎన్నోసార్లు దానికి చదివి వినిపించిన కథే. తల్లి నీటికుక్క పిల్లల్ని మొదటిసారి నీళ్ళలోకి తోసే చోటుకి వచ్చింది. నా చేతులు వాటి పాటికి అవి పోతున్నాయి, ముందు రెండు, వెనక ఒకటి.

అప్పుడు మాబ్లి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మోచేతుల దాకా తడి. చేతిలో ఏదో నీళ్ళు కారుతోంది.

“అమ్మా, పుస్తకం ఈత కొట్టింది.”

తొట్టిలో ముంచి తెచ్చింది. అట్ట మీద నీటికుక్క బొమ్మ.

నేను చేతులు ఆపాను. నెస్టా గొంతు ఇంకా రెండు మాటలు నడిచి ఆగింది. మొదటిసారి తల తిప్పి దాని ఒళ్ళోకి చూశాను. విత్తనాల కంపెనీ వాళ్ళు ఏటా పంపే బొమ్మల కేటలాగు.

“మరి నువ్వు చదువుతున్నదేంటి?”

“నీటికుక్క కథ.”

“అది నీ నోట్లో ఉంది. చేతిలో ఏముంది?”

నెస్టా కిందికి చూసింది. “క్యారెట్లు,” అంది.

మాబ్లి ఒక్కతే నవ్వింది. నేను దబ్బనం పక్కన పెట్టి నెస్టా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ.”

“ఒక్క మాట కూడా చదవలేవా?”

“నా పేరు చదవగలను. ‘పాలు’ చదవగలను, సీసా మీద ఉంటుంది కదా.” కేటలాగు అంచు మడుస్తూ అంది, “మొదట్లో చదువుదామనే అనుకున్నానమ్మా. అక్షరాలు కదిలేవి. నాకు కథ వచ్చు కదా, చెప్పేశాను. నువ్వు బాగుంది బాగుంది అన్నావు. నువ్వెప్పుడూ ఇటు చూడవు కదా.”

దానిలో నింద లేదు. వాగులో నీళ్ళు పెరిగాయి అన్నట్టు చెప్పింది. చాపెల్ వచనాలు తండ్రి రెండుసార్లు చదివితే చాలట, వచ్చేస్తాయట.

నాలుగున్నరకు ఎమ్రిస్ బస్సు వాకిట్లో ఆపి వచ్చాడు. చెబితే ముందు నవ్వాడు. “క్యారెట్లా!” అని తొడ మీద కొట్టుకున్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

“ఈ లోయలో పిల్లలందరినీ చదువుకి మోసుకుపోయేది నేను. నా పిల్లకి అక్షరం ముక్క రాదు. బస్సులో తెలిస్తే నన్ను దింపేసి వాళ్ళే నడుపుకుంటారు.”

“నవ్వులాట కాదు ఎమ్రిస్. ఎల్లుండి ఆయనొస్తున్నాడు.”

“వస్తే ఏముంది? ఆ నీటికుక్క పుస్తకం చేతికివ్వు. పేజీ ఎక్కడ తిప్పాలో కూడా దానికి తెలుసు, నాతోపాటు నూరుసార్లు తిప్పింది. ఆయన టీ తాగి పోతాడు. మనం మెల్లగా నేర్పుకుందాం.”

“ఆదివారం పెద్దల సీటు ముందు నిలబడే పిల్లతో గురువారం అబద్ధం చెప్పిస్తామా?”

“అబద్ధం ఎవరు చెప్పమన్నారు? కథ చెప్పమన్నాను.”

మెట్ల మీద నెస్టా వింటోందని మా ఇద్దరికీ తెలుసు. “నేను చెప్పగలనమ్మా,” అంది అక్కణ్ణించే. “ఒక్క తప్పు కూడా రాదు. నన్ను మాత్రం బస్సెక్కించొద్దు.”

బుధవారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. నాలుగేళ్ళలో జరగనిది ఒక్క రోజులో జరిపిద్దామనుకున్నాను. నెస్టాను బకెట్టు మీద కూర్చోబెట్టి, ముందు అక్షరాల పుస్తకం తెరిచి, నేను అల్లుతూ అరిచాను. “చూడు, సరిగ్గా చూడు, అదేంటి?” అది బిక్కమొహం వేసి ఊహించేది. నేను జవాబు చెప్పకుండా తల అడ్డంగా ఊపేదాన్ని. మళ్ళీ చేతుల వైపు చూసుకునేదాన్ని. ఎండ బాగా కాసింది, మార్చిలో ఎప్పుడూ అంత కాయదు. తడి దుప్పటి మాటిమాటికీ ఆరిపోతోంది, నీళ్ళు చల్లడానికి లేవాల్సి వచ్చింది. లేచినప్పుడల్లా నెస్టా ఊపిరి వదలడం వినిపించేది. నిలువు బరికె ఒకటి పుటుక్కున విరిచేశాను. ఎవరి మీద కోపమో తెలియలేదు. సగం అల్లిన బుట్టను తిరిగి విప్పాల్సి వచ్చింది.

పాలు అయిపోతే మాబ్లిని చంకనేసుకుని దుకాణానికి పరిగెత్తాను. దారిలో గ్వెన్‌లియన్ ఆంటీ ఇల్లు. గేటుకు ‘తాజా గుడ్లు’ అని తెల్ల రంగుతో రాసిన చెక్క. ఆవిడ గేటు మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది, ఎనభై రెండేళ్ళ మనిషి.

“హెలెద్! ఒక్క నిమిషం లోపలికొచ్చి కూర్చో అమ్మాయ్. నీతో మాటుంది.”

“ఇప్పుడు కాదు ఆంటీ. బరికెలు ఎండిపోతున్నాయి.”

“నీ బరికెలు ఎప్పుడూ నానుతూ ఉంటాయి, లేదంటే ఎండుతూ ఉంటాయి,” అంది ఆవిడ నా వీపుతో.

ఆవిడను చూస్తే నేను అడుగులు త్వరగా వేయడానికి ఇంకో కారణం ఉంది. పదకొండేళ్ళ కిందట మేము ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం, ఆంటీ తన పొలం గట్టున ఉన్న పాత విల్లో పొదలోంచి ఒక చంకెడు కొమ్మలు కోసి తెచ్చింది. తడి నేలలో గుచ్చితే చాలు, వాటంతటవే బతుకుతాయి అని చూపించింది. మా మడి అంతా ఆ చంకెడులోంచి వచ్చిందే. ఏమివ్వాలంటే, “తీరిక దొరికినప్పుడు ఒక గుడ్ల బుట్ట అల్లిపెట్టు,” అంది. తీరిక దొరకలేదు. ఏటా ఆ మడి కొమ్మలతో పక్క ఊళ్ళ వాళ్ళకూ, ఎవరో తెలియని వాళ్ళకూ వందల బుట్టలు అల్లాను. ఆవిడ ఇంకా ప్లాస్టిక్ గిన్నెలోనే గుడ్లు ఏరుకుంటోంది. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆ గేటు దగ్గర ఆగడం తేలికయ్యేదేమో.

గురువారం పదకొండింటికి పారి గారు వచ్చారు. సన్నగా, బూట్లకు మా వాకిట బురదతో, మర్యాదగా ఉన్నారు. ఎండుద్రాక్షల రొట్టె కోసి పెట్టాను. ఎమ్రిస్ ఆ పూట బస్సు లేని సమయం చూసుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఆయన నెస్టా నోటుపుస్తకం పేజీ పేజీ తిప్పారు. పొడుగు తోక పిట్ట గూటి బొమ్మ దగ్గర ఆగి, “ఇది నువ్వే వేశావా?” అన్నారు.

“సాలెగూళ్ళతో కుడుతుంది,” అంది నెస్టా. “గూడు సాగుతుంది, పిల్లలు పెరిగేకొద్దీ.”

“నాకిది తెలియదే!” అని ఆయన ఏదో రాసుకున్నారు. “మరి ఏదైనా ఒక పేజీ చదివి వినిపిస్తావా తల్లీ? నీకిష్టమైన పుస్తకమే.”

నీటికుక్క పుస్తకం పొయ్యి పక్కన ఆరి ఉబ్బిపోయి ఉంది. నెస్టా దాన్ని తెచ్చి టేబుల్ మీద తెరిచి వేలు పెట్టి మొదలుపెట్టింది. ఏం చెప్పను, అందంగా చదివింది. నిదానంగా, ఆగాల్సిన చోట ఆగుతూ. పేజీ చివరికి వచ్చాక తిప్పింది కూడా. పారి గారు తలాడిస్తూ వింటున్నారు. ఎమ్రిస్ నా కాలి మీద కాలు వేసి మెల్లగా నొక్కాడు, చూశావా అన్నట్టు.

నేను పిల్ల కళ్ళ వైపే చూస్తున్నాను. వేలు పేజీ మీద ఉంది, కళ్ళు కిటికీలోంచి మడి వైపు ఉన్నాయి. ఇంత తెలివిగల పిల్లను నేనెక్కడా చూడలేదనిపించింది. ఆ వెంటనే ఇంకోటి తోచింది. ఈ పూట గడిచిపోతే ఇక దాని చేతిలో ఏముందో ఎవరూ చూడరు. నాతో సహా. నాకు మళ్ళీ ఒక బేరం వస్తుంది, మళ్ళీ బరికెలు నానుతాయి.

“పారి గారూ,” అన్నాను. “అది చదవట్లేదు.”

ఎమ్రిస్ కాలు తీసేశాడు.

“దానికి ఆ కథ నోటికొచ్చు. చదవడం రాదు. నాకూ మొన్ననే తెలిసింది. నేను పని చేసుకుంటూ విన్నాను, పుస్తకం వైపు చూడలేదు. తప్పు నాది.”

నెస్టా మొహం ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా అయింది. “నేను ఒక్క తప్పు కూడా చెప్పలేదు,” అంది నాతో. “ఒక్కటి కూడా. నువ్వే చెప్పేశావు.” పుస్తకం నేలకేసి కొట్టి బయటికి పరిగెత్తింది.

మాబ్లి వెళ్ళి పుస్తకం తీసి పారి గారి ఒళ్ళో పెట్టింది.

“మీరు చెప్పకపోతే నేను కనిపెట్టేవాణ్ణి కాదు,” అన్నారాయన.

“తెలుసండీ.”

“చెప్పారు కాబట్టి రాయక తప్పదు.”

“రాయండి.”

రాశారు. ముందు రాసుకున్నదీ ఉంచారు, పిట్ట గూడు సంగతి. “ఇది మంచిదే. కానీ ఇది చదవడానికి బదులు కాదు,” అన్నారు. పిల్ల కళ్ళు పరీక్ష చేయించమన్నారు, అక్షరాలు కదలడం గురించి చూసేవాళ్ళ ఫోన్ నంబరు ఇచ్చారు. సెప్టెంబరులో మళ్ళీ వస్తాననీ, తాను తెచ్చిన పుస్తకంలోంచి ఒక పేజీ చదివిస్తాననీ చెప్పారు. చదివితే సరే. లేకపోతే బడి.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. “రొట్టె బాగుందండీ,” అన్నారు. పాపం, ఇంకేమనాలో ఆయనకు తోచినట్టు లేదు.

“నిజం చెప్పడానికి ఇంకో రోజే దొరకలేదా నీకు?” అన్నాడు ఎమ్రిస్, బస్సు తాళాలు తీసుకుంటూ. కోపంగా కాదు, అలసటగా అన్నాడు.

ఆ సాయంత్రం నెస్టా నాతో మాట్లాడలేదు. శుక్రవారం పొద్దున కొట్టంలోకి రాలేదు. అప్పటికి ఏడు బుట్టలు అయ్యాయి, ఇంకా ఐదు కావాలి. దుప్పటి ఎత్తి చూస్తే బరికెల మీద సన్నగా మెరుపు మొదలైంది. ఇవాళ, రేపు కూర్చుంటే అవుతాయి. లేకపోతే లేదు. ఎనిమిదోదాని అడుగు వేశాను. రెండు వరసలు అల్లాను. చేతులు వాటి పాటికి అవి పోతున్నాయి, ముందు రెండు, వెనక ఒకటి. ఎదురుగా ఖాళీ బకెట్టు. అక్కడ గొంతు లేకపోతే నాకు అల్లిక తెలియడం లేదు. కత్తి మూసి లేచాను.

నెస్టా వాగు మలుపులో రాళ్ళు పేర్చి నీళ్ళకు అడ్డు కడుతోంది. నేను గట్టు మీద కూర్చున్నాను. అది నన్ను చూసీ చూడనట్టు ఉంది. కాసేపటికి గడ్డిపోచలు మూడు తెంపి జడలా అల్లడం మొదలుపెట్టాను. నాకు తెలియకుండానే.

“చేతులు కదపకు,” అంది నెస్టా, ఇటు తిరగకుండానే.

గడ్డి పడేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వేళ్ళ చివర్లు దురద పెట్టినట్టు ఉంది. కొట్టంలో ఎండ ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో, దుప్పటి ఎంత ఆరి ఉంటుందో మనసు లెక్కేస్తూనే ఉంది. ప్రార్థన చేద్దామనుకున్నాను, అదీ ఒక పనిలాగే అనిపించి మానేశాను. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఎలా దారి చేసుకుంటున్నాయో చూస్తూ కూర్చున్నాను.

“నీకు ఆ మనిషి ముందు మంచిదానివి అనిపించుకోవాలని ఉందా?” అంది నెస్టా చాలాసేపటికి.

ఆలోచించాను. “కొంచెం ఉందేమో. ఎక్కువగా మాత్రం భయమేసింది.”

“ఎందుకు?”

“నేను మళ్ళీ నీ వైపు చూడనేమోనని.”

అది ఇంకో రాయి పెట్టింది. నీళ్ళు పక్కనించి పోయాయి.

“చదువుతాను,” అంది. “కానీ నువ్వు బుట్ట అల్లకూడదు. బంగాళదుంపలు చెక్కు తీయకూడదు. మాబ్లి జుట్టు దువ్వకూడదు. ఊరికే కూర్చోవాలి.”

“సరే.”

“ఇవాళే కాదు. నాకింకా కోపంగా ఉంది.”

“సరే.”

శనివారం కూడా అక్కడే కూర్చున్నాను. ఆదివారం చాపెల్‌లో నెస్టా పెద్దల సీటు ముందు నిలబడి, చిన్నపిల్లలు చెప్పే రెండు మాటల వచనం చెప్పేసి వచ్చి కూర్చుంది. పాస్టరు గారు ఇంకా ఉందేమోనని కాసేపు ఆగారు. వెనక గుసగుసలు. నా చెవులు కాలాయి. నెస్టా నా చెయ్యి పట్టుకోలేదు గానీ, తన మోచెయ్యి నా మోచేతికి ఆనించి ఉంచింది.

సోమవారానికి బరికెల బెరడు చేతికి ఊడి వచ్చింది. దుకాణానికి ఏడు బుట్టలే తీసుకెళ్ళాను. దుకాణం ఆవిడ మర్యాదగానే తీసుకుంది. మిగతా ఐదూ వేరే ఊరి మనిషి దగ్గర తీసుకుంటానంది. ఇకమీద కూడా ఆయన దగ్గరే తీసుకుంటుందని అర్థమైంది. వచ్చేటప్పుడు దారిలో వాన్ ఆపి కాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంటికి ఆలస్యమవుతోందని బయల్దేరాను.

ఆ మధ్యాహ్నం నుంచీ రోజూ అరగంట. వంటింటి టేబుల్ దగ్గర, నా చేతులు తొడల కింద పెట్టుకుని. అది నెస్టా పెట్టిన రూలు. ఒక్కో మాట ఒక్కో కొండ. అక్షరాలు కదులుతాయంటే ఎరుపు కాగితానికి సన్నగా కిటికీలా కోసి, ఒక్క వరసే కనబడేలా పెట్టుకున్నాం. కళ్ళద్దాలు కూడా వచ్చాయి. ఒక రోజు మూడు వరసలు చదివేది, మర్నాడు ఆ మూడూ మర్చిపోయేది. కొన్నాళ్ళు ఇద్దరం అరుచుకునే లేచాం. అరగంట ముగిసేసరికి నా చేతులు తిమ్మిరెక్కి ఉండేవి. ఊరికే కూర్చోవడం కూడా ఒక నేర్చుకోవాల్సిన పనేనని, అది నాకు నలభై ఒకటో ఏట మొదలైందని ఎమ్రిస్ బస్సులో అందరికీ చెప్పాడట.

పాడైన బరికెల కుప్ప కొట్టం వెనక పడి ఉంది. తగలబెడదామంటే ఎమ్రిస్ ముక్కు మూసుకుని, “ముందు నాలుగు వానలు పడి కంపు పోనీ,” అన్నాడు. ఏప్రిల్ చివర్లో ఒక రోజు వెళ్ళి చూస్తే నెస్టా, మాబ్లి అక్కడ కూర్చుని బెరడు లాగుతున్నారు. బెరడు మొత్తం గొట్టంలా ఊడి వస్తోంది. లోపల బరికె లేత పసుపుగా, అక్కడక్కడా మరకలతో, నున్నగా ఉంది. వంచి చూశాను. విరగలేదు.

“ఇవి అమ్మడానికి పనికిరావు కదా?” అంది నెస్టా.

“రావు. మరకలున్నాయి.”

“గ్వెన్‌లియన్ ఆంటీ మరకలు చూడదు. ఆవిడ కళ్ళద్దాలు పగిలి ఉంటాయి ఎప్పుడూ.”

నేను దాని వైపు చూశాను. ఆ బాకీ సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలుసట. ప్రతి చలికాలం కొమ్మలు కోసేటప్పుడు, “ఈసారి ఆంటీకి అల్లాలి,” అని నేను పైకే అనుకుంటానట.

ఆ బుట్ట ఇద్దరం అల్లాం. అడుగు నేను వేశాను, నడుం నెస్టా అల్లింది, అంచు మళ్ళీ నేను, పిడి ఇద్దరం. మూడు రోజులు పట్టింది. ఒక్కదాన్నే అయితే పూటలో అయ్యేది. పిడి ఎడమ వైపుకి ఒరిగింది. సరిచేద్దామని దబ్బనం తీస్తే నెస్టా చెయ్యి పట్టుకుంది. “ఉండనీ అమ్మా.”

ఆంటీ గేటు దగ్గర నెస్టా ఆగింది. తెల్ల రంగు అక్షరాల మీద వేలు పెట్టింది. “తా... తాజా,” అంది. ఊపిరి తీసుకుంది. “గుడ్లు.” తర్వాత నా వైపు తిరిగి, “గుడ్లు చదవలేదమ్మా, ఊహించాను. నిజం చెబుతున్నా,” అంది.

ఆంటీ మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టింది. పదకొండేళ్ళలో ఆ కుర్చీలో నేను నాలుగుసార్లు కూర్చుని ఉంటానేమో. బుట్టను బోర్లించి, అడుగు మీద అరచేత్తో నొక్కి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూసింది.

“పిడి తాగినట్టుందేం?”

“నేనే,” అంది నెస్టా.

“అయితే సరే. మీ అమ్మ అల్లితే ఒప్పుకునేదాన్ని కాదు.” నా వైపు తిరిగింది. “శవపేటికలో పెట్టి పంపుతావేమో అనుకున్నా.”

“ఆలస్యమైంది ఆంటీ.”

“ఆలస్యం సంగతి కాదమ్మాయ్. ఈ పిల్ల చాపెల్‌లో పాటల పుస్తకం నా ముందు బెంచీలోనే కదా పట్టుకుంటుంది. మనం ఒక పాట పాడుతుంటే దాని చేతిలో వేరే పాట తెరిచి ఉంటుంది. రెండేళ్ళుగా చూస్తున్నా. చెబుదామని ఎన్నిసార్లు పిలిచానో ఆ గేటు దగ్గర.”

గేటు దగ్గర నేను వేగంగా నడిచిన రోజులన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఎవరి మొహం చూడలేక తప్పించుకున్నానో ఆ మనిషే నాకు చెప్పాల్సిన మాట పట్టుకుని నిలబడి ఉంది.

“మరి నాతోనే ఎందుకు చెప్పలేదు, ఆంటీ?” అంది నెస్టా.

“నీకు తెలుసు కదే!” అంది ఆంటీ. ఇద్దరూ నవ్వారు.

నాలుగేళ్ళ నా అనుమానం తీరలేదు. సెప్టెంబరు ఇంకా రావాలి, ఏమవుతుందో తెలియదు. కేటిల్ ఈల వేస్తోంది. నా చేతులు వాటంతటవే లేవబోయాయి. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆంటీ ప్లాస్టిక్ గిన్నె తెచ్చి, ఆ పొద్దున ఏరిన గుడ్లు ఒక్కొక్కటే తీసి కొత్త బుట్టలో పెట్టింది. ఏడు. బుట్టను పిడి పట్టుకుని ఎత్తి, ఒరిగిన వైపుకి తనూ కొంచెం ఒరిగి, గోడకున్న మేకుకు తగిలించింది. ఖాళీ అయిన గిన్నె తీసుకెళ్ళి అందులో కోళ్ళకు నీళ్ళు పోసింది.